టీచరమ్మ పుస్తకంలో మూడో గడి

రాష్ట్రం విడిపోయిన నాలుగో ఏడు. అప్పుడు నేను ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో సుబేదారు క్లర్కుని. మాది ప్రొద్దుటూరు. సైన్యం అనగానే అందరూ తుపాకీనే ఊహించుకుంటారు. నా సర్వీసు చాలా వరకు కాగితాల మధ్యే గడిచింది. చివరి మూడేళ్లూ రివ్యూ సెక్షన్లో చేశాను.

ఆ సెక్షన్ పని ఏమిటంటే, సైన్యం సంగతులు బయటికి పోతున్నాయని అనుమానం వస్తే మిలిటరీ ఇంటెలిజెన్స్ వాళ్లు మామూలు మనిషి మీద కూడా నిఘా పెట్టిస్తారు. దాన్ని వాచ్ అంటాం. ఆరు నెలలకోసారి ఆ ఫైలు మా దగ్గరికి రావాలి. అనుమతి ఎవరిచ్చారు, కారణం ఏమిటి, అది ఇంకా నిలబడుతోందా అని నేను చూసి నోటు రాస్తే ఆఫీసరు సంతకం పెడతాడు. నిలబడితే కంటిన్యూ, లేకపోతే క్లోజ్. క్లోజ్ అయితే రికార్డింగులు చెరిపేయాలి. వాచ్ పెట్టిన సంగతీ, తీసేసిన సంగతీ ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు. అతని తరఫున ప్రశ్న అడగాల్సింది మేమే. అంత బరువైన పనిని నేనెంత బాగా చేశానో వినండి.

జమ్మలమడుగులో రిటైరైన టీచరు ఒకామె ఉండేది. సుగుణమ్మ అందాం, ఇక్కడ అన్ని పేర్లూ మార్చాను. ఆమె ఫైలు మొదటిసారి నా బల్ల మీదికి వచ్చినప్పుడు పై పేజీ ఒక్కటే చూశాను. జవాన్ల తల్లులకు ఫోన్లు చేసి, కొడుకులు ఎక్కడున్నారో కనుక్కుని పుస్తకంలో రాసుకుంటోంది అని ఉంది. అమ్మో, అనుకున్నాను. భోజనం వేళైంది, పక్కన ఇంకా బోలెడు ఫైళ్లున్నాయి. కంటిన్యూ అని రాసి నెట్టేశాను. మా జిల్లా ఊరి పేరు కనబడినా లోపలి కాగితం తిప్పలేదు, చూడండి నా నిర్వాకం.

ఆరు నెలలకు అదే ఫైలు మళ్లీ వచ్చింది. ఈసారి తెలుగు చేతిరాత కనబడి ఆగాను. ఆమె పుస్తకం పేజీల ఫోటోలవి. ఎలా తీశారో నాకు తెలియదు. స్కేలుతో గీసిన మూడు గడులు. మొదటి దాంట్లో జవాను పేరు, రెండో దాంట్లో వాడున్న ఊరు. మూడో దాంట్లో మాత్రం "చలి", "మోకాలి నొప్పి", "అమ్మ మీద అలిగి ఫోన్ చేయడం లేదు" అని ఉంది.

అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. మా వైపు మిషన్ చర్చిల్లో తరతరాలుగా ఉన్న పద్ధతే అది. ఊరికే దేవా కాపాడు అనరు. పేరు, ఉన్న చోటు, ఉన్న బాధ చెప్పి మరీ ప్రార్థిస్తారు. రెడ్ల ఇళ్ల తల్లులు కూడా కొడుకు మిలిటరీకి పోతే టీచరమ్మకు చెప్పుకుంటారు. తర్జుమా చేసినవాడు మొదటి రెండు గడులే రాసి, మూడోది సొంత విషయాలు, అనవసరం అని వదిలేశాడు.

ఫోన్ మాటల కాగితం చదివాను. అవతల పులివెందుల ఓబులమ్మ.

"నీ కొడుకు యాడుండాడు ఓబులమ్మా?"

"పైకి పంపినారంట టీచరమ్మా, మంచు శానా ఉందంట."

"ఊరి పేరేమన్నా చెప్పినాడా?"

ఈ మాట కింద ఎర్రగీత ఉంది. దాని తర్వాత "పేరు పెట్టి అడిగితేనే నా మనసుకు నిమ్మళమ్మా" అన్న మాట కింద ఏ గీతా లేదు.

ఫైలు ఆఫీసరు దగ్గరికి పట్టుకుపోయాను. "మీ ప్రాంతం మనిషని మెత్తబడుతున్నారా సుబేదార్ సాబ్?" అన్నాడు. మూడో గడి వరసగా హిందీలో చదివి వినిపించాను. ఆయన ఫైలు తన వైపు తిప్పుకున్నాడు. "జవాన్లు ఉన్న చోటు ఫోన్లో చెప్పకూడదు, అది నిజమే. ఆ మాట జవాన్లకు చెబితే సరిపోయేది," అని క్లోజ్ కింద సంతకం పెట్టాడు. రికార్డింగులు నా ఎదుటే చెరిపేశారు. మంచి పని చేశానని ఆ పూట గర్వపడ్డాను కూడా.

రిటైరై ఊరికొచ్చాక మనసాగలేదు. ఒక ఉదయం ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. దారి ఎవరినీ అడగలేదు. ఆమె తలుపు నీలం రంగుదని, పక్కింట్లో కుట్టుమిషన్ ఉందని నాకు ముందే తెలుసు. ఎన్నడూ చూడని మనిషి ఇల్లు నాకంత బాగా తెలియడం సిగ్గనిపించింది.

మిలిటరీలో చేసి వచ్చానని, ఆమె ప్రార్థనల గురించి విన్నానని చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"ఇప్పుడు ఎవురి ఊర్లూ అడగను నాయనా. ఎవురినీ రాసుకోను," అంది గబగబా.

"ఏమైందమ్మా?"

"ఇద్దరు వచ్చి వీధంతా విచారించిపోయినారు. ఈమె ఇంటికి ఎవరు వస్తాండారు, ఏం రాసుకుంటాంది అని. ఆ మాట ఊరూరికీ పాకి, ఆ పొద్దు నుంచి ఒక్క తల్లీ ఫోన్ ఎత్తలే. ఇన్నేండ్లు పిల్లోళ్లకు అక్షరాలు చెప్పిన దాన్ని, దొంగను చూసినట్టు చూసినారు."

"ఎప్పుడు వచ్చినారమ్మా?"

"మంచి శుక్రవారం అయిన వారానికి."

నేను కంటిన్యూ అని రాసింది ఆ పండుగకు ముందు. ఆ రోజే కాగితం తిప్పి ఉంటే ఆ ఇద్దరూ జమ్మలమడుగు వచ్చేవాళ్లే కాదు.

"ఓబులమ్మ కొడుకు ఆ ఎండాకాలమే మంచు కింద పడి చచ్చిపోయినాడు," అంది. "సెలవుకొచ్చి మళ్లా పైకి పోయినాడని నాకు తెల్దు. పులివెందులకు పోతే ఆ తల్లి నన్ను పట్టుకుని, నీకు చెప్తే వాని ఉద్యోగం పోతాదని భయపడితిని టీచరమ్మా, అని ఏడ్చింది. వాడు ఆ మంచులో ఉన్నన్నాళ్లూ ఒక్క పూటన్నా వాని పేరు పలకలేదు నాయనా నేను."

ప్రార్థిస్తే బతికేవాడని ఆమె అనలేదు, నేనూ అనను. కానీ కష్టంలో ఉన్న ఒక తల్లికి ఉన్న తోడు నా ఒక్క మాటతో పోయింది. నేనేనమ్మా అని గొంతు దాకా వచ్చింది. రహస్యం దాటనని సంతకం పెట్టి వచ్చినవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆ సంతకం కంటే నా పిరికితనమే ఎక్కువ అడ్డుపడింది.

నేను లేవబోతుంటే ఆమె పాత పుస్తకం తీసింది. "నువ్వు రిటైరైనావు గదా, నిన్ను రాస్తే ఎవురికీ కోపం రాదు," అని నా పేరు రాసింది, ప్రొద్దుటూరు అని రాసింది. కలం మూడో గడి మీద ఆపి నా వైపు చూసింది.

"నీ కోసం ఏం అడగాల నాయనా?"

"అది అట్లే వదిలేయండమ్మా."

"సరేలే, నీ మనసులోది ఆయనకు తెలుసు," అని పుస్తకం మూసింది.

పోయిన ఏడు టీచరమ్మ కన్నుమూసింది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. మనిషి వెనకాల అతని జీవితాన్ని చదివే అధికారం ఉన్నవాడు మొత్తం చదవాలి, సగం చదివి సంతకం పెట్టకూడదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే, అదీ ఆలస్యంగా. ఆ గడిలో ఏం రాయమనాలో నాకు ఆ రోజే తెలుసు. క్షమించమ్మా అన్న ఆ ఒక్క మాట ఆమె ఎదుట అనలేకపోయాను.