గోడ అవతల ఆరబోసిన వడ్లు

ఎల్లారెడ్డిలో మా ఇంటి వెనక మొలిచిన దురదగొండి తీగను చిక్కుడు అనుకుని, కర్ర పాతి మరీ జామచెట్టు మీదికి ఎక్కించింది నేనే. నా తెలివి అంత. ఊదారంగు పూలు పోయి నూగు కాయలు దిగాక మా అత్త చూసి మొత్తుకుంది.

"గిది దురదగొండి! కాయ ఎండకముందే నీళ్లు చల్లి కోసి, గుంతల పాతిపెట్టు. నూగు గాలికి పోనియ్యకు."

రేపు, ఎల్లుండి అంటూ కాయలు ఎండేదాకా తెచ్చాను. చివరికి ఒక మధ్యాహ్నం మా ఆయన పాత చొక్కా తొడుక్కుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని కొడవలి పట్టాను. నీళ్లు చల్లలేదు, గుంత తవ్వలేదు. తెంపిన తీగనంతా చుట్టలు చుట్టి ప్రహరీ గోడ మీదుగా అవతలి రోడ్డు వైపు విసిరేశాను. కోతల రోజుల్లో మా రోడ్డు సగం వడ్లతోనే నిండి ఉంటుందని నాకు తెలుసు. అయినా తొంగి చూడలేదు.

ఆ రోజు గోడ అవతల ఆరబోసిన వడ్లు వెనక వాడలో ఉండే అవ్వవి. ఎకరం కౌలుకు చేస్తుంది. ధాన్యం మీద చెప్పులతో నడవకూడదని, వట్టి పాదాలతో చాళ్లు తీస్తూ వడ్లను తిరగేస్తుంది. సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రటి దద్దుర్లు.

"బిడ్డా, కాళ్లు మండుతున్నయి. పేడ పూసినా తగ్గుతలేదు. జర కొబ్బరినూనె ఉంటే ఇయ్యి."

"ఏం పురుగు పాకిందో ఏమో అవ్వా," అన్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు. సీసాడు నూనె చేతిలో పెట్టాను. ఆమె వెళ్లగానే బకెట్టు నీళ్లతో గోడ అవతలికి పరుగెత్తి, గోడ మొదట్లో పడ్డ తీగలను తడిపి, ఏరుకొచ్చి పాతిపెట్టాను. అత్త చెప్పినట్టే చేశాను, తప్పు దాచుకోవడానికి.

మరునాడు వడ్లు బస్తాలకు ఎత్తితే, ఒళ్లంతా దురద పెడుతోందని హమాలీలు ముట్టం అన్నారు. అమ్ముకోలేకపోతే ఆమె ఏడాది కష్టం పోయినట్టే. మూడు రోజులు ఒక్కతే జల్లెడ పట్టింది, తూర్పారబట్టింది, చేతులు గోక్కుంటూ. నేను మేడ మీది నుంచి చూశాను. దిగి వెళ్లి ఒక చేట పట్టుకుంటే సరిపోయేది. అడిగితే ఏం చెప్పాలోనని వెళ్లలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎట్లాగో వడ్లు అమ్ముడుపోయాయి.

వారానికి ఆమె ఒక సంచి బియ్యం పట్టుకుని వచ్చింది.

"జల్లెడ పడితే కాయ తునకలు దొరికినయి. ఎవరో దురదగొండి కోసి పారేసిండ్రు బిడ్డా. పాపం, తెలువక చేసిండ్రు కావచ్చు. నువ్వు నూనె ఇస్తివి గద, గందుకే తెచ్చిన. నీ పిల్లలకు దురద పెట్టద్దని వడ్లు నాలుగు నీళ్ల కడిగి, మల్ల ఎండబోసి పట్టించిన."

సంచి అందుకున్నాను. "ఎందుకు అవ్వా ఇవన్నీ," అన్నాను.

ఆ బియ్యం వండుకుని తిన్నాం. ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.