కలిసి తిరిగిన రెండు కాయితాలు

పదేళ్ళు దాటింది, ఒక కొబ్బరి బస్తా మోస్తున్నాను. చూడ్డానికి నా వీపు మీద ఏమీ కనపడదు. మూడు పూటలా తింటాను. గురక పెడితే పక్కవీధి గేదెలు పలుపుతాళ్ళు తెంపుకుంటాయి. కొత్తపేట సెంటర్లో నిలబడి నలుగుర్ని పోగేసి నవ్విస్తాను. సుఖంగానే ఉన్నానండి, అబద్ధమెందుకు. అయినా బస్తా బస్తాయే. ఇవాళ దించుతున్నాను, మీరు కాస్త చెయ్యి వెయ్యండి.

అంతకన్నా ముందు ఇంకో మాట. నేను పెంచి చెప్తాను. ఇప్పుడు రాసిన గేదెలు కూడా అలా పెరిగినవే. నేను వంద అన్నచోట మీరు పది అనుకోండి, ఏనుగు అన్నచోట దూడ అనుకోండి, లెక్క సరిపోతుంది. అయితే కింద రాసేదాంట్లో పెంచినవి బోలెడున్నా, పచ్చి కల్పన మాత్రం ఒక్కటే ఉంది. అదేదో చివర నేనే చెప్తాను. అది చెప్పే ధైర్యం తెచ్చుకోడానికే ఇంత దూరం నడుస్తున్నాను.

తొంభైల్లో మా కథల కూటం రెండో ఆదివారం మధ్యాహ్నం కూడేది. ఎండు కొబ్బరి గోడౌను మీద ఒక గది. కింద కురిడీలు, పైన కథలు. మెట్లెక్కేసరికి ఒంటికి కొబ్బరినూనె పట్టించినట్టుండేది. పదిమందిమి ఉండేవాళ్ళం, అమలాపురం వెళ్ళినప్పుడు పదివేలమందిమని చెప్పుకునేవాణ్ణి. ముందుగా పెద్ద మాస్టారు, అంటే మా అధ్యక్షులు, కబుర్లు విప్పేవారు. ఏ వారపత్రిక పోటీ పెట్టింది, ఏది కథ వేసి ఊరుకుంటుంది, ఏది వెయ్యకుండా మనం అంటించిన స్టాంపులు కూడా ఉంచేసుకుంటుంది. పెళ్ళిసంబంధాల వాకబులా ఉండేది ఆ పావుగంట.

మాకు రెండు ఆనవాయితీలుండేవి. ఒకటి, ఎవరి కథైనా తిరుగుటపాలో వచ్చేస్తే మిగతావాళ్ళు వంతులేసుకుని ఆ మనిషికి తీపి తెచ్చి తినిపించాలి. కథ అచ్చయితే ఎవరూ ఏమీ పెట్టరు, వాడి సుఖం వాడిదే. రెండోది, ఎవరి కథ వాళ్ళు చదవకూడదు. పేరు లేకుండా ఇంకొకరు చదవాలి. చదివి, నలుగురూ నాలుగు మాటలూ అని, చేతులెత్తి తేల్చేదాకా రాసినవారు నోరు విప్పకూడదు. ఎవరిదో అందరికీ తెలిసిపోయేదనుకోండి. అయినా నోరు విప్పకూడదు. మొహమాటాలు రాకుండా పెట్టుకున్న కట్టు అది.

చేతిరాత పట్టుబడిపోకుండా కథలన్నీ కామేశ్వరి గారు టైపు చేసి పెట్టేవారు. ఆవిడది టైపు ఇన్‌స్టిట్యూటు. పలివెల కోడలు, పుట్టిల్లు గోదారొడ్డున కపిలేశ్వరపురం. నన్ను అన్నయ్య గారూ అని పిలిచేవారు, ఇప్పటికీ పిలుస్తారు. నావి తప్ప మిగతావన్నీ చదివేవాణ్ణి నేను. గోదారికి ఈ ఒడ్డున చదివితే అవతలి ఒడ్డున పడవ ఆగిపోయే గొంతని నాకు పేరు. పేరు పెట్టింది నేనే.

ఆ ఏడు ఆషాఢంలో మాస్టారు పెద్ద కబురు తెచ్చేరు. ఒక వారపత్రిక దీపావళి పోటీ పెట్టి, ఊళ్ళలో ఉన్న కూటాల్ని ఒక్కో కథ పంపమంది. ఒక్కటే. ఆ ఆదివారం చదవాల్సిన కథల్లో నాదొకటుంది. మా మావయ్య పెళ్ళిలో పోయిన చెప్పుల గురించి. రాస్తున్నప్పుడే నాకు నవ్వాగలేదు. కామేశ్వరి గారిదొకటుంది. పేరు లేకపోయినా లంక, పడవ, రేవు కనపడగానే తెలిసిపోయింది.

ఆ కథేమిటంటే, మొగుడు గోదారి మధ్య లంకలో తోటకి కాపలా. పెళ్ళాం ఇవతలి ఒడ్డున ఉంటుంది. ఏనాడో మాటా మాటా అనుకుని మాటలు మానేసేరు. అయినా రోజూ మధ్యాహ్నం పడవ మీద అతనికి అన్నం క్యారేజీ వెళ్తుంది. ఆవిడ తిట్టుకుంటూనే వండుతుంది, తిట్టుకుంటూనే సర్దుతుంది. మధ్యలో ఒక పేజీ ఉంది. సాయంత్రం ఖాళీ క్యారేజీ తిరిగొస్తుంది. ఆవిడ రేవులో కూచుని, లంక వైపు వీపు పెట్టి, మూత తీస్తుంది. ఒకరోజు నాలుగు రేగుపళ్ళుంటాయి. ఒకరోజు చిలక కొట్టిన జాంపండు. ఎవరూ చూడకుండా తిని, అప్పుడు గిన్నె కడుగుతుంది. ఇదే ఆ పేజీ. ఆఖర్న మొగుడు పోతాడు. ఆ రోజు పడవలో వచ్చిన క్యారేజీని ఆవిడ మూత తియ్యకుండా ఇంటికి పట్టుకుపోతుంది. అంతే కథ.

ఆ రోజు ఉక్క ఎలాంటిదంటే, గోడమీద కేలండరు కూడా చెమటకి ముడుచుకుపోయింది. నా వేళ్ళు జిగురు జిగురుగా ఉన్నాయి. కథ సగంలో రెండు కాయితాలు అతుక్కుని కలిసి తిరిగేయి. ఆ రేవు పేజీ ఎగిరిపోయింది. తెలిసేసరికి తర్వాతి పేజీ సగానికి వచ్చేసేను. వెనక్కి తిప్పొచ్చు. ఎంతసేపు పని? తిప్పలేదు. గొంతు కూడా ఆపలేదు. ముందుకి వెళ్ళిపోయేను.

ఎందుకు తిప్పలేదు? అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగేనో. అందరూ వింటున్నారు, ధార పోతుంది అని ఒక జవాబు. ఒక పేజీకే పడిపోయే కథ కాదులే అని ఇంకో జవాబు. జవాబులు బాగానే కుదిరేవి. కుదరడమే అనుమానం. నిజానికి జవాబులు వెతుక్కునేది ఎవడండీ, తప్పు చెయ్యనివాడు వెతుక్కుంటాడా?

కథ అయ్యేక, వెనక బెంచీలో ఎరువుల కొట్టు సుబ్బరాజు గారు గొంతు సవరించుకున్నారు.

"కథ బాగానే ఉందండి ఆయ్. అయితే ఆవిడ క్యారేజీ మూత ఎందుకు తియ్యలేదండి? తోమడానికి బద్ధకమా అండి?"

గది గదంతా నవ్వింది. కింద కురిడీలు దొర్లేయని చెప్తాను, మీరు నమ్మొద్దు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. కామేశ్వరి గారు కూడా నవ్వేరు. ఆవిడ ఏం చేస్తారు మరి? పేజీ పోయిందని ఆ గదిలో తెలిసింది ఇద్దరికే, ఒకరు చదివినవాడు, ఒకరు రాసినావిడ. రాసినవారు నోరు విప్పకూడదు. అది నాకు బాగా తెలుసు.

తర్వాత నా చెప్పుల కథ, నాది నేను చదవకూడదు కనక, మాస్టారు చదివేరు. ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టేరు. చేతులన్నీ లేచేయి. కామేశ్వరి గారి చెయ్యి కూడా.

దిగుతుంటే మెట్ల మీద ఆవిడ ఆగేరు.

"అన్నయ్య గారూ, కాయితాలేమైనా అతుక్కున్నాయా అండి?"

"ఆయ్... చెమటమ్మా. వేళ్ళు జిగురుగా ఉండి... ఏం, ఏమైనా పోయిందా?"

ఆవిడ నా వేళ్ళకేసి చూసేరు. ఒక్క క్షణమే.

"అబ్బే, ఏం లేదులెండి. ఈసారి కాస్త మందం కాయితం వాడతాను."

అని గొడుగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయేరు.

నా కథ దీపావళికన్నా ముందే తిరిగొచ్చింది. పోస్టుమేను సైకిలు దిగకుండానే నవ్వేడు. ఆనవాయితీ ప్రకారం తీపి తెచ్చే వంతు ఆసారి కామేశ్వరి గారిది. సున్నుండలు తెచ్చేరు, ఒక్కోటి కొబ్బరికాయంత. నెయ్యి వేళ్ళమ్మట కారుతోంది. "తినండన్నయ్య గారూ, తిరిగొచ్చిన కథకి బలం రావాలి" అన్నారు. తిన్నాను. నాలుగు తిన్నాను. సిగ్గులేనివాడికి అరుగుదల బాగుంటుంది.

ఆ తర్వాత ఏమైందంటే ఏమీ అవలేదు. అదే చిత్రం. కూటం నడుస్తూనే ఉంది. మాస్టారు కాలం చేసేక కామేశ్వరి గారే అధ్యక్షులు. టైపు మిషన్ల చోట కంప్యూటర్లొచ్చేయి. ఆవిడ కథలు నాలుగైదు పత్రికల్లో అచ్చయ్యేయి, చాలా బాగున్నాయి. నావీ అప్పుడప్పుడు వస్తూంటాయి. రెండో ఆదివారం వచ్చిందంటే ఇప్పటికీ పొద్దున్నుంచే నాకు ఒళ్ళంతా హుషారు.

అయితే కూటం కథలన్నీ కలిపి ఒక సంకలనం వేద్దామని మొన్న అనుకున్నాం. అందరూ తమకి ఇష్టమైన కథ ఒక్కటి ఇవ్వాలి. నేనన్నాను, "ఆ పడవ కథ ఇవ్వమ్మా" అని. ఆవిడ తల అడ్డంగా ఊపేరు. "అది వద్దులెండి అన్నయ్య గారూ. ఆ రోజు ఎవరికీ అందలేదు కదండీ. దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు."

కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అన్నారు. ఇన్నేళ్ళూ ఆవిడ నామీద అనుమానపడుతున్నారేమో అని నేను భయపడుతున్నాను, ఆవిడేమో, ఒక్క పేజీ పోతేనే నిలబడలేదని, ఆ కథ మీద అనుమానపడుతున్నారు. నేను మోసింది బస్తాయే. ఆవిడ చేత మోయించింది ఏమిటి?

అందుకని ఇది రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు, మన ఆనవాయితీయే కదా. రేపు దీన్ని కామేశ్వరి గారికే ఇస్తాను, టైపు చేసేది ఆవిడే. వచ్చే ఆదివారం ఎవరో ఒకరు చదువుతారు. నేను గదిలోనే కూచుంటాను. మీరేమన్నా, ఎంత నవ్వినా, నోరు విప్పను. కట్టు ప్రకారం నాకా హక్కు లేదు. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆవిడ "అయ్యో, అదెంతలెండి" అని తేల్చేస్తారు, నాకు తెలుసు. అలా తేలిపోకూడదు. నేనడిగేది ఆ కథ. సంకలనంలో ఉండాలి, పేజీలన్నీ ఉండాలి.

ఇంక కల్పన ఏదో చెప్పాలి కదా. గేదెలూ కురిడీలూ కొబ్బరికాయంత సున్నుండలూ కావండి, అవి పెంచినవి.

చెమట.

ఆ రోజు ఉక్క లేదు. పొద్దున్నే వాన పడి వెలిసింది, గోదారి మీంచి చల్లగాలి కొడుతోంది. కేలండరు ముడుచుకోలేదు, రెపరెపలాడింది. నా వేళ్ళు పొడిగా ఉన్నాయి. చదవడానికి ముందు కట్ట నా చేతికి వస్తే, కిటికీ దగ్గర నిలబడి ఆ రేవు పేజీ చదివేను. చిలక కొట్టిన జాంపండు దాకా వచ్చి, మళ్ళీ పైనుంచి చదివేను. ఇది విన్నాక నా చెప్పుల కథకి ఎవరూ చెయ్యెత్తరని తెలిసింది. రెండు కాయితాలూ నేనే కలిపి పట్టుకున్నాను.

ఆ చల్లగాలి ఆ గదిలోనే కూచున్న కామేశ్వరి గారికీ తగిలే ఉంటుంది. మెట్ల మీద నా వేళ్ళకేసి ఎందుకు చూసేరో ఇప్పుడు మీక్కూడా తెలిసింది.

బస్తా దిగింది. వీపు తేలిగ్గా ఉంది, కొంచెం చలిగా కూడా ఉంది. దీన్ని చదివేవారెవరో గాని, ఒక్కటే మనవి. కాయితాలు ఒక్కొక్కటే తిప్పండి. ముఖ్యంగా ఈ ఆఖరిది.