ఇరవై ఏడో నంబరు పలక

2005 ఏప్రిల్‌లో నేను స్కోరుబోర్డు సహాయకుడిగా ఉద్యోగంలో చేరాను. ఊరు ఇల్లినాయి రాష్ట్రంలో, నేపర్‌విల్ నుంచి పడమరగా గంటన్నర డ్రైవ్. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో ఒక చిన్న బేస్‌బాల్ స్టేడియం. మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. గ్రీన్‌కార్డు ఆవిడది, ఆవిడ వెనకాల వచ్చినవాణ్ణి నేను. అనుభవం ఉందా అని మేనేజరు అడిగితే, గుంటూరులో క్రికెట్ టోర్నమెంట్లకు బోర్డు తిప్పానని చెప్పాను. అది రెండు మ్యాచ్‌ల అనుభవం. రెండోది వానకు ఆగిపోయింది. ఆ వివరం ఆయన అడగలేదు.

2013లో ఆ బోర్డు పీకేసి కరెంటు బోర్డు పెట్టారు. అప్పటికి నాకు యాభై దాటాయి. నేను రిటైరయ్యానని అందరూ అంటారు గానీ, ముందు రిటైరైంది బోర్డు. నేను దాని వెంట ఇంటికి వచ్చాను.

బోర్డు అంటే రెండంతస్తుల ఎత్తున్న చెక్క గది. ముందు గోడకు వరసగా చదరపు కంతలుంటాయి. ఆ కంతల్లో లోపలి నుంచి రేకు పలకలు తగిలించడం మా పని. పరుగుల వరస మా ఫోర్‌మన్ వాల్టర్‌ది. ఆయన డెబ్భై దాటినవాడు, ఊగే కుర్చీతో సహా ఆ గదిలోనే ముసలివాడయ్యాడు. ఆటగాళ్ళ వరస నాది. బ్యాటింగ్‌కు వచ్చే క్రమంలో మా జట్టు తొమ్మిదిమంది చొక్కా నంబర్లు అక్కడ ఉండాలి. మైదానం అవతలి కొసన ప్రెస్ గదిలో అధికారిక స్కోరరు కూర్చుంటాడు. ఆయన ఫోన్ చేస్తాడు, మేం పలక మారుస్తాం. కోచ్ ఎవరినైనా మధ్యలో తీసేస్తే, తర్వాతి బంతి పడేలోపు పాత నంబరు దిగాలి, కొత్తది ఎక్కాలి. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఆ ఆటలోకి మళ్ళీ రాకూడదు. కాబట్టి దిగిన పలకకు ఆ రోజుకు సెలవే. వాల్టర్ నాకు నేర్పిన సూత్రం ఒక్కటే: ఫోను చెప్పనిది బోర్డు చెప్పకూడదు.

మధ్యాహ్నం ఆటలప్పుడు ఎండ ఆ కంతల్లోంచి దూరి నేల మీద పసుపు చదరాలు పరిచేది. ఆట సాగేకొద్దీ అవి మెల్లగా జరిగి వాల్టర్ బూట్ల మీదికి, తర్వాత ఒళ్ళోకి ఎక్కేవి. కుడివైపు గోడ వెనక గూడ్సు బండి పోతుండేది. ఎంత మెల్లగా అంటే, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్ అయితే, ఒకే పెట్టె మూడు ఇన్నింగ్స్‌ల పాటు నా కంతలో నిలబడి ఉండటం నేను కళ్ళారా చూశాను. ఒక ఏడాది ఎనిమిదో ఇన్నింగ్స్ కంతలో పిట్ట గుడ్లు పెట్టింది. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా మా ఊళ్ళో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎవరూ పరుగు తీయలేదు. గాలివానలో కొట్టుకుపోయిన సున్నా పలకను పక్క కౌంటీ రైతొకడు తెచ్చిచ్చాడు. అది తన చేలో ఉన్నన్నాళ్ళూ ఒక్క కాకి వాలలేదని చెప్పి, బతిమాలి మళ్ళీ పట్టుకుపోయాడు. నమ్మనివారు వాల్టర్‌ని అడగవచ్చు. ఆయన ఇప్పుడు లేడు, అది వేరే సంగతి.

మాది చిన్న జట్టు. పెద్ద నగరంలో ఉన్న పెద్ద జట్టుకు నారుమడి లాంటిది. ఇక్కడ పెరిగే కుర్రాళ్ళను ప్రాస్పెక్టులంటారు, అంటే రేపటి ఆటగాళ్ళు. పెద్ద జట్టు గెలుపు అంచుల దాకా వచ్చి, ఏదో ఒక చోట లోటు కనబడితే, ఈ నారులో కొంత వేరే జట్టుకిచ్చి, బదులుగా అప్పటికే పేరు నిలబెట్టుకున్న ఆటగాణ్ణి తెచ్చుకుంటుంది. దాన్ని ట్రేడ్ అంటారు. ఆ రోజుల్లో దానికి గడువు జులై ఆఖరు రోజు, మా గడియారం ప్రకారం మధ్యాహ్నం మూడు గంటలు. రేపటివాణ్ణిచ్చి ఇవాళ్టివాణ్ణి తెచ్చుకోవడం తెలివా, తెలివితక్కువా అన్నది అభిమానులకు వేసవంతా నడిచే వాదన. ఆ వాదన లేకపోతే సగంమంది స్టేడియానికి రారు.

బోర్డు కింది చవక బెంచీల్లో ఆ వాదనకు పెద్దదిక్కు ప్రసాద్. తెనాలివాడు. నేపర్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు మాత్రం చవకగా వచ్చిందని మా ఊళ్ళో. నన్ను బావా అంటాడు. ఏ వరసనో మా ఇద్దరికీ తెలియదు. భార్య సుజాత వరంగల్ అమ్మాయి, నన్ను అన్నా అంటుంది. నా కంతలోంచి ఒక తాడు, తాడు చివర ఒక బకెట్టు వేలాడేవి. సుజాత అందులో పునుగులో, మిర్చి బజ్జీలో పెట్టి పైకి పంపేది. వాల్టర్ మిరపకాయలోని గింజలు ఏరి కిటికీలోంచి విసిరేవాడు. ఆ గోడ పక్కన తర్వాత మిరప మొక్కలు మొలిచాయి.

చిన్న జట్లలో జీతాలు అంతంత మాత్రం కాబట్టి, ఊళ్ళోవాళ్ళు ఆటగాళ్ళకు ఇంట్లో ఒక గది ఇచ్చి పెట్టుకోవడం అక్కడి ఆచారం. 2008 వేసవిలో ప్రసాద్ ఇంట్లో ఉన్నవాడు డానీ. ఓక్లహామా కుర్రాడు, మూడో బేస్, అంటే పరుగు దారిలో మూడో మజిలీ దగ్గర కాపలా, చొక్కా నంబరు ఇరవై ఏడు. మొక్కజొన్న పొత్తు పీచులాంటి జుట్టు. వచ్చిన నెలలోనే పప్పన్నం చేత్తో కలుపుకోవడం నేర్చాడు. ఆ ఏడాది పెద్ద జట్టు మొదటి స్థానంలో ఉంది. బంతి విసిరే మంచి పిచ్చర్ ఒకడు లోటు. డానీని ఇచ్చి ఒక పేరున్న పిచ్చర్‌ని తెస్తారని జులై మొదటి వారం నుంచే గుసగుసలు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి వెళ్ళాను. డానీ నా పక్కనే కూర్చుని గోంగూర వేసుకుంటున్నాడు.

"ఒక్క పిచ్చర్ వస్తే ఈసారి కప్పు మనదే బావా. వీడు పైదాకా ఎక్కేసరికి నాలుగేళ్ళు. ఈలోపు మోకాలు విరగ్గొట్టుకుంటే ఏం చేస్తాం?" అన్నాడు ప్రసాద్.

"పిలగాడు పక్కన కూసొని తింటుండగనే మోకాలు ఇరుగుతదంటవా? అది నోరా?" అంది సుజాత.

"వాడికి తెలుగు రాదుగా."

"నీకు బేస్‌బాల్ వస్తదా? మరి మాట్లాడతలేవా?"

ప్రసాద్ ఆ దెబ్బ తుడుచుకుని డానీ వైపు తిరిగాడు. "ఇట్స్ జస్ట్ బిజినెస్, కరెక్టేనా డానీ?"

"ఎస్ అంకుల్," అన్నాడు వాడు.

"నువ్ హ్యాపీగనే ఉన్నవ్ గద నాన్నా హియర్?" అంది సుజాత, నెయ్యి వేస్తూ.

"ఎస్ ఆంటీ."

ఇద్దరూ ఆ ఓటు తమ ఖాతాలో వేసుకున్నారు. ఆ నెలంతా అలాగే గడిచింది. వాల్టర్ మాత్రం ఒకసారి, పెద్ద జట్టులో మూడో బేస్ దగ్గరున్నవాడికి ఇంకా ఆరేళ్ళ కాంట్రాక్టు ఉందని, ఎవరితోనూ కాకుండా గోడతో అన్నాడు. నేను విని ఊరుకున్నాను.

జులై ఆఖరు రోజున మాకు మధ్యాహ్నం ఆట. ఆ రోజు బెంచీల్లో ఉన్నవాళ్ళు మైదానాన్ని కాక నా కంతలను చూస్తూ కూర్చున్నారు. కారణముంది. ట్రేడ్ ఖాయమైతే, దెబ్బ తగలకుండా ఆటగాణ్ణి ఆట మధ్యలోనే తీసేస్తారు. వాడు డగౌట్‌లో, అంటే జట్టు కూర్చునే గట్టు కింద, ఒక్కొక్కరినీ కౌగిలించుకుని సెలవు తీసుకుంటాడు. అభిమానులందరికీ తెలిసిన గుర్తు అది. ఫోను ముందు వచ్చేది నాకు.

"వచ్చిందా బావా?" అంటూ కింద నుంచి ప్రసాద్ కేకలు. రాలేదన్నప్పుడల్లా బకెట్టులో రెండేసి బజ్జీలు పైకి వచ్చేవి. ఆ లెక్కన ఫోను రాకపోవడమే నాకు లాభసాటిగా ఉంది.

నాలుగో ఇన్నింగ్స్‌లో డానీ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోయింది. డానీ సగం దూరం నడిచి వెనక్కి తిరిగాడు. వాడి చూపు బంతి మీద లేదు, మొదటి బేస్ మీద లేదు. ఎక్కడుందో నాకు అప్పుడు తెలియలేదు. మా జట్టు ఫీల్డింగ్‌కు దిగే ముందు ఫోను మోగింది. ఇరవై ఏడు బయటికి, పదకొండు లోపలికి.

పలక మీద చెయ్యి వేసి కిందికి చూశాను. డగౌట్‌లో డానీ ఒకణ్ణి కౌగిలించుకుంటున్నాడు. తర్వాత ఇంకొకణ్ణి. వరసగా అందరినీ. పలక తీశాను.

స్టేడియం మొత్తం నీళ్ళలో మునిగినట్టు నిశ్శబ్దమైపోయింది. గూడ్సు బండి కూడా ఆగినట్టే అనిపించింది. ఎవరో ఒకరు లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ లేచారు. ఆ చప్పట్లు ఎక్కడో దూరపు చేలల్లో వాన మొదలైనట్టు వినిపించాయి. డానీ గట్టు మీదికి వచ్చి టోపీ ఎత్తాడు. ఎండకు వాడి జుట్టు తెల్లగా మెరిసింది. నేల మీది పసుపు చదరాల్లో ఒకటి, పలక లేని కంతలోంచి పడేది, మిగతా వాటికన్నా పెద్దదైంది. నేను పదకొండు తగిలించేదాకా అది అలాగే ఉంది.

కింద నుంచి ప్రసాద్ అరిచాడు. "ఒక్క ముసలి పిచ్చర్ కోసం మన పిల్లాణ్ణి ఇచ్చేస్తారా? వీళ్ళకి బుద్ధుందా బావా?" వేసవంతా అదే కావాలన్నవాడు, బెంచీ మీద కూలబడి అరచేత్తో ముక్కు తుడుచుకుంటున్నాడు.

సుజాత అతనితో వాదించలేదు. "ఆరేసిన బట్టలు అట్లనే ఉన్నయి. బ్యాగు సర్దుకొస్త, పిలగాడు మళ్ళ ఇంటిదాంక రాడేమో," అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను వెనక్కి తిరిగితే వాల్టర్ నన్నే చూస్తున్నాడు. ఫోను ఏం చెప్పింది అని అడిగాడు. చెప్పాను. అంతే కదా అని మళ్ళీ కుర్చీలో వాలాడు.

మూడు దాటింది. బెంచీల్లో రేడియో ఉన్నవాడొకడు లేచి ప్రకటించాడు: పెద్ద జట్టు ఎవరినీ ఇవ్వలేదు, ఎవరినీ తేలేదు. మరి ఇరవై ఏడు ఎందుకు దిగింది? కోచ్ ఆట తర్వాత వాల్టర్‌కు చెప్పాడు. కొట్టిన బంతి ఎటుపోయినా మొదటి బేస్ దాకా పూర్తి వేగంతో పరిగెత్తాలి. చిన్న జట్లలో అది మొదటి పాఠం. నడిచినందుకు శిక్షగా డానీని కూర్చోబెట్టాడు. కారణం చెప్పకుండా అటు తిరిగి వెళ్ళిపోయాడు. గడువు రోజు కాబట్టి కారణాన్ని డానీ తనే ఊహించుకున్నాడు. వాడు కౌగిలించుకుంటే మిగతావాళ్ళూ కౌగిలించుకున్నారు.

ఆట అయ్యాక వాడు ఎవరికీ మొహం చూపించలేక బోర్డు వెనక నిచ్చెనెక్కి మా గదిలోకి వచ్చాడు. ఇరవై ఏడో పలకను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కింద ప్రసాద్ ఎగిరి గంతేస్తున్నాడు. "నువ్వెక్కడికీ పోవట్లేదు డానీ! ఈ రాత్రి బిర్యానీ!"

"ఎస్ అంకుల్," అన్నాడు డానీ, కంతలోంచి తల బయట పెట్టకుండానే.

సర్దిన బ్యాగుతో వచ్చిన సుజాత సంగతి విని, దారిలోకని కట్టిన పులిహోర డబ్బాను బకెట్టులో పెట్టింది. నేను తాడు లాగాను. వాడు నాలుగు ముద్దలు తిని, మెల్లగా నాతో చెప్పాడు. ఇక్కడి పెద్ద జట్టులో మూడో బేస్ దగ్గర ఆరేళ్ళదాకా ఖాళీ లేదు. ఆ పిచ్చర్‌ని ఇస్తామన్న జట్టులో అదే చోటు ఖాళీగా ఉంది. అందరినీ కౌగిలించుకున్న ఆ కాసేపూ తను వెళ్ళిపోయినట్టే ఉందట. అక్కడ చాలా బాగుందట.

"ఏమంటున్నడన్నా?" అని కింద నుంచి సుజాత అడిగింది.

"వెళ్ళాలనుందట."

"మరి ఎస్ ఆంటీ అన్నడు గద?"

"నువ్వడిగింది హ్యాపీగా ఉన్నావా అని. హ్యాపీగానే ఉన్నాడట."

సుజాత బ్యాగు కింద పెట్టింది. తర్వాత ప్రసాద్ వైపు తిరిగింది. ఆ క్షణం నుంచి వాళ్ళింట్లో పక్షాలు తారుమారయ్యాయి. పిలగాడు ఎదగాలంటే నారు పీకి వేరే చేలో వెయ్యాల్సిందేనని ఆవిడ, ఇంటి పిల్లాణ్ణిచ్చి అరువు పిచ్చర్‌ని తెచ్చుకునే దౌర్భాగ్యం మనకెందుకని ఆయన. ఆ రాత్రి బిర్యానీ ముందు ప్రసాద్ అలవాటుగా అడిగాడు: "నీక్కూడా ఇక్కడే ఉండాలనుంది, కరెక్టేనా డానీ?"

"నో అంకుల్," అన్నాడు వాడు.

ప్రసాద్ వాడికని తీసిన గరిటెడు బిర్యానీని తన కంచంలోనే వేసుకున్నాడు.

డిసెంబరులో, మంచు పడుతుండగా, డానీని ఆ పిచ్చర్ ఉన్న జట్టుకే ఇచ్చేశారు. స్టేడియంలో ఆట లేదు, ఫోను మోగలేదు, చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. ప్రసాద్ నాకు ఫోన్ చేసి ఇచ్చేశారు బావా అన్నాడు. వెనక నుంచి సుజాత పంపిచ్చిన్రు అని దిద్దింది. ఏప్రిల్‌లో నేను గది తెరిచి, మేకుకు వేలాడుతున్న ఇరవై ఏడును తీసి అడుగు వరసలో పెట్టాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. పలక దిగితే ఆటగాడు ఆటలో లేడని అర్థం. ఎందుకు లేడో రాయడానికి పలక మీద చోటు లేదు, రాయడం మా పనీ కాదు. అది తెలుసుకోవాలంటే నిచ్చెన దిగి వాణ్ణే అడగాలి. అడిగేటప్పుడు, అవుననో కాదనో తేలిపోయే ప్రశ్న అడగకూడదు.