పక్కకు పెట్టిన అరటి మొక్కలు

ఊరికే పారేసే సరుకును బేరమాడి, డబ్బిచ్చి కొనుక్కున్న మొనగాడు మా ఉప్పల్‌లో నేనొక్కడినే.

తొంభైల మధ్యలో సంగతి. పీర్జాదిగూడలో మా మేనత్తకు నాలుగు కుంటల అరటితోట ఉండేది. వంద చెట్లు, ఆమె బతుకంతా వాటి మీదే. ల్యాబు సీసాల్లో పెంచే టిష్యూకల్చర్ మొక్కలైతే అన్నీ ఒకేసారి గెల వేస్తాయని విని, ఇరవై తెమ్మని నూట అరవై నా చేతిలో పెట్టింది. నాచారం ల్యాబులో మొక్క ఎనిమిది రూపాయలు. షెడ్డు వెనక మాత్రం ఒక ట్రే విడిగా కనిపించింది. పొట్టిగా, బొద్దుగా, ముదురాకుపచ్చ మొక్కలు.

“గవి ఏరి పక్కకు పెట్టినం అన్నా. పారేసెటివి,” అన్నాడు అక్కడ పనిచేసే మనిషి.

నేను కిరాణా కొట్టులో పెరిగినవాణ్ని. మా నాన్న మంచి కందిపప్పు ఎప్పుడూ వెనక గదిలోనే ఉంచేవాడు. కొత్తవాళ్లు అడిగితే “అది బాగలేదు” అనేవాడు, తెలిసినవాళ్లకు తూచేవాడు. ఈ ఎత్తు నా దగ్గరా అనుకున్నాను.

“ఐదుకు ఇయ్యి,” అన్నాను.

అతను ట్రే నా ముందుకు జరిపాడు. “మల్ల నన్ను అనొద్దు,” అని వంద తీసుకున్నాడు. మిగిలిన అరవై నా జేబులో ఉండిపోయింది; అత్తకు మొక్క ఎనిమిదనే చెప్పాను.

ఐదు నెలలైనా ఆ మొక్కలు మోకాలు దాటలేదు. ఆకులన్నీ పైన గుత్తిలా కుక్కుకుపోయాయి. పక్క తోటాయన చూసి, ఇది అంటురోగం, తోటంతా తవ్వి కాలబెట్టాల్సిందే అన్నాడు.

అత్త తిట్టలేదు. “అల్లుడా, నూరు చెట్లూ పోతయా?” అని మాత్రం అడిగింది.

ఆటోలో నాచారం వెళ్లి ఆ ల్యాబు మనిషినే పట్టుకొచ్చాను. అతను కాడలు వెలుగుకెత్తి చూశాడు. అత్త చెట్లన్నీ ఒక్కొక్కటే తిరిగి చూశాడు.

“రోగం లేదమ్మా. ఉంటే కాడ మీద ముదురు గీతలు పడ్తయ్. సీసాల ఒక్కదాన్నుంచి మస్తు మొక్కలు తీస్తుంటే కొన్ని గిట్ల మరుగుజ్జుగ తేల్తయ్. పుట్టుకల్నే తేడా, పక్క చెట్టుకు అంటదు. వీటి పిలకలు మాత్రం నాటకున్రి.”

అత్త గట్టు మీద కూలబడి మంచినీళ్లు అడిగింది. చెంబు దించాక ఆమె, “మరి గిసొంటియి ఎట్లమ్మినవయ్యా?” అంది.

“పారేస్తున్నం అంటే ఇనకుండ ఐదుకు బేరం జేసిండమ్మా.”

అత్త నా వైపు తిరిగింది. “ఐదా? ఎనిమిదన్నవ్ గద.”

షెడ్డు ముందు ట్రేల్లోని మంచి మొక్కలు ఇరవై, బేరం లేకుండా నూట అరవై. పాతవి తవ్విన కూలి తొంభై. ఆటో నలభై. నేను కట్టింది మొత్తం రెండు వందల తొంభై. అందులో నేను జేబులో వేసుకున్న అరవై అత్తదే. నాది రెండు వందల ముప్పై.