హోటలాయన పోయినంక మా వాడ పెట్టిన డిమాండ్లు

మా చిన్నప్పుడు సిరిసిల్లలో, ఆదివారం సాయంత్రం ఒక అరగంట మా వాడలో సాంచల చప్పుడు ఆగేది... మరమగ్గాలను మేము సాంచలంటాం. అవి ఆగాలంటే కరెంటన్నా పోవాలి, పోలీసు జీపన్నా రావాలి. లేదంటే టీవీలో హోటలాయన రావాలి.

హోటలాయన అంటే ఒక నవ్వుల సీరియల్‌లో చాయ్ హోటల్ ఓనరు. వారం వారం పెండ్లానికి ఒక అబద్ధం చెప్పి, అరగంటలో దొరికిపోయేవాడు. అంతే కథ! పక్కింటి రాజవ్వత్త టీవీ ముందు వాడంతా కూర్చునేది. ఆడవాళ్లు ఒడిలో బీడీల చాటలు పెట్టుకునే చూసేవాళ్లు... కళ్లు టీవీ మీద, వేళ్లు ఆకు మీద. అడవిలోని అన్నల ఊసు, వాళ్ల కోసం తిరిగే పోలీసుల ఊసు మరిచిపోయి మనుషులు గట్టిగా నవ్వేది ఆ అరగంటే.

ఒక ఆదివారం హోటలాయన రాలేదు. దండ వేసిన ఆయన ఫోటో వచ్చింది. గుండెపోటట... సీరియల్ నడపాలా, ఆపాలా, మీ అభిప్రాయం రాసి పంపండి అని టీవీలో ఒకామె చెప్పింది.

వాడలో పెద్ద లొల్లి.

“ఆయన లేంది ఏం సీరియల్? బంజేసుడే మంచిది” అన్నాడు మా నాన్న, మా బాపు.

“మా ఆయన పోతే నేను అన్నం బంజేసిన్నా? ఇంకొకల్ని తెచ్చి పెడ్తరు తియ్యి” అంది రాజవ్వత్త.

మా బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, బీడీకి దారం చుడుతూనే అందుకుంది. “నేసేటోడు పోతే పడుగు కోసి పారేస్తమార? మీ నాయిన పోయిన్నాడు మగ్గం మీద ఆరు గజాల పడుగు మిగిలుండె. నేనే కూసోని నేసిన. ఆయన చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. మారిన కాడ బట్టల కనవడ్డది. కనవడనీ! గంతేగాని, ఇంకొకనికి ఆయన అంగి తొడిగి తెస్తే మాత్రం నేను ఊకోను. గల్ల పెట్టె కాడ ఆయన పెండ్లాన్ని కూసోబెట్టుమనుర్రి.”

ఆడవాళ్లంతా ఆమె వైపే. మరి రాసేదెవరు? అందరూ నన్ను చూశారు.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. అప్పుడే ఏడో తరగతి అయిపోయింది. సాంచలకు దారం కండెలు చుట్టడానికి చేతులు చాలడం లేదు, ఏడుతో చాలు అని బాపు అప్పటికే రెండుసార్లు అన్నాడు. ఎట్లాగైనా ఎనిమిదికి పోవాలని నాకు...

బళ్లో మాకు నేర్పింది సెలవు చీటీ ఒక్కటే. పదిమంది కలిసి అడిగే ఉత్తరం ఎట్లా ఉంటుందో నేను చూసింది గోడల మీది అన్నల పోస్టర్లలోనే. అందుకని పోస్టుకార్డు మీద పైన “హెచ్చరిక!” అని రాసి కింద ఎర్ర గీత కొట్టాను. డిమాండ్ ఒకటి, సీరియల్ కొనసాగించాలి. డిమాండ్ రెండు, హోటలాయన వేషం ఇంకొకరికి ఇవ్వరాదు, గల్ల దగ్గర ఆయన పెండ్లాన్నే కూర్చోబెట్టాలి. బాపమ్మ చెప్పిన పడుగు మాట కూడా రాశాను. “నెరవేర్చని పక్షంలో తగిన చర్య తీసుకుంటాం.” ఇట్లు, మా వాడ ఆడబిడ్డలు, సిరిసిల్ల... పదకొండు వేలిముద్రలు!

నాకెంత గర్వమో ఆ కార్డు చూసుకుంటే.

కార్డు కదా, పోస్టు డబ్బాలో వేస్తే దారిలో ఎవరైనా చదవొచ్చు. నాలుగో రోజు మధ్యాహ్నం అది ఎస్సై చేతిలో ఉంది. జీపు మా ఇంటి ముందు ఉంది.

“ఏ సంఘమమ్మా మీది? ఎవరు రాయించిండ్రు?”

సాంచలన్నీ ఆగిపోయాయి. గోడ మీద రాసినందుకు పక్క వాడలో ఒకాయనను తీసుకపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బాపు రెండు చేతులూ జోడించాడు. “పోరికి తెల్వక రాసింది సార్. ఇగ బడి బంజేపిస్త.”

బాపమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

“రాయించింది నేను. కింద దాక చదివినవా బిడ్డా? పైనున్న ఎర్ర గీత చూసే వొచ్చినట్టున్నవు.”

ఎస్సై చదివాడు. మళ్లీ చదివాడు. మొఖం మారింది.

“హోటలాయన... పోయిండా? ఎప్పుడు?”

పాపం, నెల రోజులుగా ఆయనకు ఆదివారాలు కూడా డ్యూటీయేనట!

“అయ్యో, నీకు తెల్వదా సారూ?” అని రాజవ్వత్త ఆయనకు కుర్చీ వేసింది. చాయ్ తాగి పోయేటప్పుడు ఎస్సై నవ్వుతూ నా పెన్నే అడిగి, హెచ్చరిక కొట్టేసి విజ్ఞప్తి అని రాసి, “డబ్బాల నేనే ఏస్త” అన్నాడు.

కానీ బాపు మాత్రం మారలేదు. “గీసారి నవ్విండు. మల్లసారి నవ్వుతడా? రాసుడే వద్దు, సదువుడే వద్దు.” ఆ భయం తప్పని ఇప్పటికీ అనలేను. ఆ రోజులు అట్లాంటివి.

మూడు వారాలు కండెలు చుట్టాను...

నాలుగో ఆదివారం సీరియల్ వచ్చింది! హోటల్ గల్ల దగ్గర, కొంగు నడుముకు దోపుకుని, ఆయన పెండ్లాం! దానికి ముందు టీవీ ఆమె, జగిత్యాల నుంచీ కోరుట్ల నుంచీ కూడా ఉత్తరాలొచ్చాయని చెప్పి, ఒక్కదాన్ని మాత్రం చదివింది. “సిరిసిల్ల ఆడబిడ్డలు ఇలా రాశారు. నేసేవాడు పోతే పడుగు కోసి పారేయరు...”

రాజవ్వత్త ఇల్లు ఎగిరిపోయిందనుకోండి! చాటలు బోర్లపడ్డాయి, తంబాకు గాలిలోకి లేచింది, తుమ్ములు, నవ్వులు, ఈలలు. బాపమ్మను ఎత్తుకుని తిప్పారు. “దించుర్రే, నడుం ఇరుగుతది!” అని ఆమె ఒకటే అరుపు.

మా ఉత్తరం వల్లే సీరియల్ నడిచిందా అంటే నాకు తెలియదు. మా వాడకు మాత్రం బాగా తెలుసు.

తెల్లారి పొద్దున బాపు అంగి వేసుకుని, “నడువ్, పెద్ద బడికి” అన్నాడు. దారిలో అన్నాడు... “మా అవ్వ మాట గిన్నేండ్లు ఈ వాడల్నే ఉండె బిడ్డా. నువ్వు రాస్తే హైదరాబాదు దాక పోయింది.”

ఎనిమిదిలో చేరాను. తర్వాత డిగ్రీ దాకా ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు మా వాడలో ఇంటికి నాలుగు ఫోన్లు. ఇష్టమైన నటుడు పోతే, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి వేలితో పైకి జరిపేస్తున్నాం. తర్వాత ఏం కావాలో ఎవరూ మనల్ని అడగరు, మనమూ పట్టుబట్టం... మీ వాడంతా ఒక్కటై కొట్లాడి గెలిచింది ఏమన్నా ఉందా? ఎంత చిన్నదైనా సరే, కింద రాయండి. మేమైతే గెలిచినం!