చింతచెట్టుకు అంటించిన నోటీసు

నిన్న పొద్దున చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని అశోక్‌నగర్‌లోని మా సందులోకి తిరుగుతుంటే, ఎదురింటి హాస్టల్ ముందు కట్టిన కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ నీడలో ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకు చదువుకుంటున్నారు. "పట్నంల పెద్ద చెట్టు కొట్టాలంటే ఎవరి పర్మిషన్ కావాలె?" అని ఒకామె అడిగితే రెండో ఆమె తడుముకోకుండా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు కూర్చున్నది సరిగ్గా ఒకప్పుడు మా చింతచెట్టు ఉన్న చోటే.

ఆ చెట్టు మా ఇళ్ళకంటే పాతది. చిన్నప్పుడు నేనూ, ఇప్పుడు హాస్టల్ యజమాని అయిన ఎదురింటాయనా చెరో కొమ్మ ఎక్కి చిగురు దూసి కిందికి వేస్తుంటే, మా అమ్మ, వాళ్ళమ్మ కొంగులు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ పూట రెండిళ్ళలోనూ చింతచిగురు పప్పే. తర్వాత్తర్వాత ఎదురిల్లు హాస్టల్ అయ్యాక, లైబ్రరీలో చోటు దొరకని పిల్లలంతా ఆ చెట్టు కిందే చదువుకునేవారు. సిద్దిపేట వైపు పల్లెనుంచి వచ్చిన ఒకమ్మాయికి రోజూ మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీ నేనే తెచ్చి వేసేవాణ్ణి. బాబాయ్ అని పిలిచేది.

కొన్నేళ్ళ కిందట హాస్టల్ మీద ఇంకో అంతస్తు వేయాలనుకున్నాడు ఎదురింటాయన. కొమ్మలు అడ్డం వచ్చాయి. అంత పాత చెట్టును కొట్టేముందు దానికే నోటీసు అంటించి, అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలని రూలు. రూలు ప్రకారమే అంటించారు. కానీ మన అశోక్‌నగర్‌లో చెట్టుకు అంటించిన కాగితం గతి ఏమిటో మీకు తెలియనిది కాదు. తెల్లారేసరికి దానిమీద బెడ్లు ఖాళీ అని ఒకటి, టెస్ట్ సిరీస్ అని ఒకటి, మెస్ వాళ్ళది మరొకటి. రోజూ దాని పక్కనుంచే నడిచే నేను కూడా గమనించలేదు. ఒకనాడు వానకు పై కాగితాలు నాని జారితే అడుగున ఆఫీసు ముద్ర కనబడింది. గోటితో గీకి చదివితే, గడువు ఆ మర్నాటితో ఆఖరు.

ఆఫీసుకు పరుగెత్తాను. ఒక్కరి మాట చెల్లదు, సందులోవాళ్ళు మరో ఇద్దరైనా సంతకం పెట్టాలన్నారు. సాయంత్రం అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూలమీది కిరాణా ఆయన కాగితం వంక చూడనైనా చూడలేదు. "మా దుకాణం మెట్లు రోడ్డు మీదికొచ్చినయని అర్జీ పెట్టి కొట్టిపిచ్చిన్రు గదా సార్, అప్పుడు మేం యాదికి రాలే. ఇప్పుడు చెట్టు కోసం యాదికొచ్చినమా?" అన్నాడు. నేను పెట్టిన అర్జీ న్యాయమైనదే. మిగతా ఇళ్ళలోనూ, నల్లాకు పెట్టిన మోటారు గురించో, సందులో అడ్డంగా ఆపిన కారు గురించో, నా అర్జీ ఏదో ఒకటి గుర్తుంది.

చివరికి ఆ అమ్మాయిని అడిగాను. ఆమె తల వంచుకుంది. "ఆ చట్టం నాకు నోటికొస్తది బాబాయ్, సెక్షన్‌తో సహా చెప్త. సంతకం మాత్రం అడగకుండ్రి. రేపు నౌకరి వచ్చేటప్పుడు ఎంక్వైరీల ఏదన్న లొల్లి బయటపడితే నా బతుకేమైతది?"

గేటు దగ్గర నిలబడి ఇదంతా వింటున్న ఎదురింటాయన నవ్వాడు. "ఏందిరా, ఇగ చెట్టు మీద కూడ అర్జీయేనా? మనుషులు అయిపోయిన్రా?" ఆ మాట నేను చచ్చేదాకా మరవను.

ఒక్క సంతకంతోనే అర్జీ ఇచ్చి వచ్చాను. మూడోనాడు రంపాలు వచ్చాయి. ఆ అమ్మాయి మా కుర్చీని శుభ్రంగా తుడిచి వరండాలో పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఉద్యోగం వచ్చిందని విన్నాను, ఏ శాఖలోనో అడగలేదు. చెట్టుకు బదులు ఊరి బయట మొక్కలు నాటారట. ఎక్కడో చెప్పమని ఆఫీసుకు నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు.

నిన్న ఆ పిల్లలు నన్ను చూసి, "ఎండల నిలబడ్డరేంది తాతా, జర ఇట్ల రండి" అని జరిగి చోటిచ్చారు. పర్మిషన్ ఎవరివ్వాలో మీ పుస్తకంలో ఉంది, అభ్యంతరం ఎవరు చెప్పాలో ఉందా అని అడగబోయి, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను. గాలికి ఫ్లెక్సీ లేచినప్పుడల్లా ఎండ మా ముగ్గురి మీదా పడుతూనే ఉంది.

ఈ సందులో ఎవరి ఇంట్లో ఏ పప్పు ఉడుకుతోందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. కిరాణా మెట్ల మీద అర్జీ తప్పా అంటారా, ఇప్పుడైనా అదే రాస్తాను. కాకపోతే, ఇట్లా అవుతుందని అప్పుడే తెలిసుంటే, ముందు చెట్టు సంతకాలు పెట్టించుకుని తర్వాత రాసేవాణ్ణి.