చిన్నమామకు నేను తెల్లచొక్కా వేయలేదు

మా చిన్నమామ పోయాడు. ఎమ్మిగనూరులో మా మేడ మీది గదిలో, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి సాయంత్రం నేను టీ తీసుకుపోయేసరికి లేడు. చెవుల్లో ఆ నల్ల వైర్లు అట్లాగే ఉన్నాయి. ఫోనులో పాట ఇంకా నడుస్తోంది. ముందు పాట ఆపాలో, అమ్మకు చెప్పాలో తెలియక గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చివరికి పాట అయిపోయేదాకా ఆగి, అప్పుడు కిందికి దిగి అందరికీ చెప్పాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. నా దగ్గర ఉన్న మంచి మాటలన్నీ చిన్నమామకే. మిగిలినవి ఎవరికి చెందాలో వాళ్లకు చెందుతాయి. కోపం తగ్గాక రాయరాదా అని మా ఆయన అన్నాడు. తగ్గే కోపమైతే రాసేదాన్నే కాదు.

మా అమ్మకు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమామకు ఆదోనిలో బట్టల కొట్టు. చిన్నమామ ఆ కొట్టులోనే గుడ్డ కొలిచేవాడు. పేరుకు తమ్ముడు, పనికి గుమాస్తా. పెళ్లి చేసుకోలేదు. అదో పెద్ద కథ, అందులోనూ పెద్దమామ ఉన్నాడు, దాన్ని ఇక్కడికి తేను.

చిన్నమామను తలచుకుంటే నాకు ముందు ఆయన వేళ్లు గుర్తొస్తాయి. మనిషి ఎదురు పడితే బాగున్నారా అని అడిగే లోపలే చొక్కా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. నా పెళ్లిలో పెళ్లికొడుకు చొక్కా కూడా అట్లాగే నలిపి, నా చెవిలో, “గుడ్డ మంచిదే పాప. మనిషిని నువ్వు సూసుకో,” అన్నాడు. కొట్టులో గుడ్డ తాను విప్పి గజంబద్దతో కొలుస్తుంటే ఎడమచేతి వేళ్లు బల్ల మీద దరువు వేస్తుండేవి. ఏదో భజన అనుకునేవాళ్లు కొనేవాళ్లు. భజన కాదు. తెల్లవాళ్ల రాక్ సంగీతం.

అది ఆయనకు ఎట్లా పట్టుకుందో కూడా చెప్పాలి. కుర్రతనంలో సరుకు తెమ్మని అన్న బెంగళూరు పంపినప్పుడు, బజారులో ఒక క్యాసెట్ల దుకాణం ముందు వాన పడుతుంటే నిలబడ్డాడట. లోపల డ్రమ్ములు, గిటార్లు, ఒకడి గొంతు చించుకున్న పాట. వాన ఆగినా కదల్లేదట. ఆ క్యాసెట్టు కొన్నాడు. ఆ తరవాత సరుకు కోసం పోయినప్పుడల్లా ఒకటి తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. మామా, ఆ పాటలు నీకేం అర్థమవుతాయని చిన్నప్పుడు అడిగితే, “వాళ్లేమంటాండారో నాకు తెలీదు పాప. నేను అనలేకపోయిందేదో అంటాండారని మాత్రం తెలుస్తాది,” అన్నాడు. ఆ అనలేకపోయింది ఏమిటో అర్థం కావడానికి నేను పెద్దదాన్ని కావలసి వచ్చింది.

ఆయనకు ప్రాణమైన ఆ బృందం ఒకసారి బెంగళూరుకే వచ్చింది. సరుకు పంపే వ్యాపారిని బతిమాలి చిన్నమామ టికెట్టు సంపాదించాడు. అది ఆయన చొక్కా జేబులో పెద్దమామకు దొరికింది. కొట్టు నిండా జనం ఉన్న వేళ చూసి పెద్దమామ దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. “సూడండప్పా, మా తమ్ముడు రైలెక్కి తెల్లోళ్ల కాడ ఎగిరేదానికి పోతాండాడు. పెండ్లిండ్లలో బ్యాండుమేళం సాలలేదంట వీనికి.” జనం నవ్వారు. పెద్దమామ టికెట్టు చించి చెత్తబుట్టలో వేశాడు. చిన్నమామ తల దించుకుని గుడ్డ కొలిచాడు.

అంతటితో వదిలినా నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదేమో. మాధవరం దగ్గర మాకు జొన్నచేను ఉండేది. ఆ ఏడు పిట్టలు ఎక్కువ. క్యాసెట్టులోని రీలు బయటికి లాగి చేనుకు అడ్డంగా కడితే ఎండకు మెరిసి, గాలికి బుయ్యిమని మోగి పిట్టల్ని బెదరగొడుతుందని మా పక్క రైతులందరికీ తెలుసు. పెద్దమామ ఆ క్యాసెట్లన్నీ సంచిలో పోసి చేనుకు పంపించాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆ సాయంత్రం చిన్నమామ బస్సెక్కి చేనుకు పోయి గట్టు మీద కూర్చున్నాడని, గాలికి ఆ రీళ్లు మోగుతుంటే చీకటి పడేదాకా వింటూ ఉన్నాడని అమ్మ చెప్పింది. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఏడ్చేది. నేను ఏడవలేదు, గుర్తుపెట్టుకున్నాను.

ఏళ్లు గడిచాయి. క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. చిన్నమామ ఫోనులో పాటలు నేనే ఎక్కించి ఇచ్చాను. రెండేళ్ల కిందట అదే బృందం, తలలు నెరిసిన అదే మనుషులు, బొంబాయికి వస్తున్నారని తెలిసింది. బొంబాయి రైలు ఆదోనిలోనే ఆగుతుంది. నేను ఇద్దరికీ టికెట్లు కొనేశాను. తీరా చూస్తే ఆ రోజు సాయంత్రమే పెద్దమామ కొత్త షోరూం ప్రారంభం. పాత కొట్టు పడగొట్టి అంతస్తుల మీద అంతస్తులు వేశాడు. ఊళ్లో పెద్దవాళ్లందరినీ పిలిచాడు. ఆ రోజు చిన్నమామ లేకపోతే ఇక కొట్టులో ఆయనకు చోటు ఉండదని ఆయనకూ, అమ్మకూ, నాకూ తెలుసు.

“వద్దులే మామా, టికెట్లు వాపసు ఇచ్చేద్దాం,” అన్నాను.

చిన్నమామ నా చీర అంచు నలిపి చూశాడు. “ఒగసారి సినిగిపోయింది పాప. రెండోసారి సింపే పని మనమే సెయ్యాల్నా?” అన్నాడు.

అన్నకు మాత్రం ఉరుకుంద ఈరన్న మొక్కు ఉందని, గుడి దగ్గర మూడు నిద్రలు చేసి వస్తానని చెప్పాడు. ఈరన్న పేరు చెబితే ఎవరూ అడ్డం చెప్పరు. పెద్దమామ గొణిగి, “మన షోరూం పేరు మీద గూడా ఒగ టెంకాయ కొట్టు,” అన్నాడట.

ఆ స్టేడియం ముందు నిలబడినప్పుడు నాకు భయం వేసింది. ఉరుకుంద తిరునాళ్లలో కూడా నేను అంత జనాన్ని చూడలేదు. అందరూ మా పిల్లల వయసు వాళ్లు, అందరివీ నల్ల చొక్కాలే. పంచె కట్టుకుని, సంచిలో జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టుకుని చిన్నమామ. గేటు దగ్గర తిండి లోపలికి తేకూడదన్నారు. పారేయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. వరుసలోనే నిలబడి ఒక రొట్టె తిని, మిగిలినవి సంచులు వెతికే మనిషి చేతిలో పెట్టాడు. లోపల ఆ బృందం బొమ్మ వేసిన నల్ల బనీన్లు అమ్ముతుంటే గుడ్డ నలిపి చూసి, “ఒగ ఉతుకు గూడా తట్టుకోదు,” అని చెప్పి, కొని, అక్కడే తొడుక్కున్నాడు.

మొదటి పాటలకు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కొట్టులో గిరాకీ ముందు నిలబడినట్టే. చుట్టూ పిల్లలు గెంతుతున్నారు. ఆ డ్రమ్ము దెబ్బ చెవికి వినపడటం కాదు, పొట్టలో తగిలేది. నేల అదురుతుంటే నా కాళ్ల కింద తెలుస్తోంది. పిల్లలందరికీ ప్రతి మాటా నోటికి వచ్చు. చిన్నమామకూ వచ్చు, కాని అర్థం లేకుండా, ఆ కూతలు కూతలుగానే. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రావడం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి కూడా ఈ మనిషి నోరు తెరవడా అనిపించింది.

అప్పుడు ఆ పాట మొదలైంది, బెంగళూరు వానలో విన్నది. మొదటి గిటారు తీగ మోగగానే చిన్నమామ జేబులోంచి ఫోను తీసి అన్నకు చేశాడు. ఈ మనిషికి ఏమైందా అని నేను చూస్తూనే ఉన్నాను. అవతల ఎత్తగానే, “అన్నా, వినపడ్తాందా? ఎగురుతాండా అన్నా,” అని, ఫోనును స్టేజీ వైపు ఎత్తిపట్టాడు. ఎత్తిన చేయి దించలేదు. కళ్లు మూసుకుని, గొంతు బద్దలయ్యేట్టు, ఆ అర్థం తెలియని మాటలన్నీ అరిచి పాడాడు. నేను ఫోటో తీసింది అప్పుడే.

ఆదోనిలో ఏం జరిగిందో అమ్మ చూసింది. షోరూం నిండా పెద్దమనుషులు. ఫోను మోగగానే పెద్దమామ పేరు చూసి, “మా తమ్ముడు. మన షోరూం బాగుండాలని ఈరన్న కాడికి పోయినాడు, ఆడినుంచి సేస్తాండాడు,” అని గర్వంగా అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు. డ్రమ్ములు, గిటార్లు, వేలమంది అరుపులు, వాటి మీద తమ్ముడి గొంతు. ఏ గుండీ నొక్కితే ఆగుతుందో కంగారులో పెద్దమామకు తోచలేదట. జనం నవ్వారు. ఈ ముక్క మాత్రం అమ్మ చేత నేను మళ్లీ మళ్లీ చెప్పించుకుంటాను.

తిరుగు రైలులో చిన్నమామ గొంతు పోయి గుసగుసగా మాట్లాడాడు. “ఇంక సాలు పాప. వానిమీద నాకింకేం ల్యాదు.” ఆ మాట నిజం. ఆ తరవాత అన్నను ఒక్క మాట కూడా అనలేదు. కొట్టుకు పోతే పెద్దమామ గుమ్మంలోనే ఆపి, “ఆ తెల్లోళ్లే పెడ్తార్లే కూడు. పో,” అన్నప్పుడు కూడా గజంబద్ద ఒకటి అడిగి తెచ్చుకున్నాడు, అంతే. మా ఇంటికి వచ్చాడు. నేనూ మా ఆయనా నడిపే ఫ్లెక్సీల షాపులో అంచులు మడిచి ఇచ్చేవాడు. ఫ్లెక్సీని నలిపి చూసి, “దీన్ని గుడ్డ అనద్దు పాప, పాపం తగులుతాది,” అనేవాడు. ఆ రెండేళ్లూ మా షాపులో పాట ఆగలేదు. ఆయనకు చాలింది. నాకు చాలలేదు, అంతే తేడా.

చనిపోయిన రోజు పెద్దమామ వ్యాను తీసుకొచ్చి, పెద్దవాణ్ణి నేనున్నానని శవాన్ని ఆదోనికి పట్టుకుపోయాడు. నేను తొడిగిన ఆ బొంబాయి నల్ల బనీను తీయించాడు. జనం ముందు కూర్చుని, “నా తమ్ముడు బతికినన్ని దినాలు నా నీడ దాటి పోల్యా,” అని ఏడ్చాడు. ఆ రోజు స్పీకరులో విన్నవాళ్లే అవునవునని తలలూపారు. నా చేతికి అందేంత దూరంలో ఒక చెంబు ఉంది. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

రెండు రోజులకు పెద్దమామ ఫోను చేశాడు. దినానికి షోరూం ముందు ఫ్లెక్సీ కావాలట.

“వానిది మంచి ఫోటో సూసి తెల్లచొక్కా తొడుగు పాప. నొసట బొట్టు పెట్టు. ‘నా కుడిభుజం’ అని రాయి. పక్కన నాది పెట్టు, కొంచెం పెద్దగా.”

మా కంప్యూటరులో తలలు లేని ఒళ్లు ఉంటాయి. తెల్లచొక్కా ఒళ్లు, కోటు ఒళ్లు, పట్టుచీర ఒళ్లు. పోయినవాళ్ల తల ఆధార్ కార్డు మీంచి తీసి వాటి మీద పెడతాం. బతికినన్నాళ్లూ కోటు ముట్టని రైతు పోయాక సర్కిల్లో కోటుతో నవ్వుతుంటాడు. నేనూ ఎంతోమందికి చేశాను, ఎవరి మనసూ నొప్పించలేదు. ఆ సాయంత్రం చిన్నమామ తల తీసి తెల్లచొక్కా మీద పెట్టి చూశాను. చక్కగా అతికింది. అంత చక్కగా అతికినందుకే ఒళ్లు మండింది. తీసేశాను.

మా దగ్గర కుదరదని పెద్దమామకు చెప్పాను. ఆయన వేరే షాపులో వేయించుకున్నాడు. దినం రోజు పొద్దున్నే షోరూం ముందు తెల్లచొక్కా తమ్ముడు, పక్కన చేతులు జోడించిన పెద్ద అన్న వెలిశారు. సరిగ్గా దానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, నేను నాది కట్టించాను. మా మిషను మీద వేయగలిగినంత పెద్దది. నల్ల బనీను, మూసిన కళ్లు, తెరిచిన నోరు, ఎత్తిన చేతిలో ఫోను. కింద ‘మా చిన్నమామ’ అని ఒక్క మాట. పోయినవాళ్ల ఫ్లెక్సీని మా పక్క ఎవరూ చింపరు. పార్టీల వాళ్లు ఒకరివొకరు చింపుకుంటారు కాని దీని జోలికి రారు. గాలికో వానకో అదే పోవాలి.

మధ్యాహ్నం పెద్దమామ ఫోను వచ్చింది. “అది తీపియ్యి పాప.”

“మీరే తీయండి మామా.”

“సచ్చినోనిది నేనెట్ల తీస్తాను?”

“అయితే ఉండనీండి,” అన్నాను. ఎంత తియ్యగా అన్నానో ఈ పేజీలో చూపించలేను.

మరునాడు పొద్దున ఆదోని పోయి, షోరూం గుమ్మం పక్కనే, లోపలి మాటలు వినపడే టీ బంకు దగ్గర నిలబడ్డాను. కావాలనే పోయాను. పెద్దమామ తల వంచుకుని షట్టరు ఎత్తాడు. లోపల ఆయన కూర్చునే చోటుకు సరిగ్గా ఎదురుగా చిన్నమామ అరుస్తున్నాడు. పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంచెల గుడ్డ కొలిపించుకుంటూ, రోడ్డు అవతలికి చూసి, చూసి, మామూలుగానే అడిగాడు.

“మీ తమ్ముడు గదప్పా ఆయన. ఎవురికి ఫోన్ సేస్తాండాడు?”

పెద్దమామ అప్పుడే కొలిచిన గుడ్డను మళ్లీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టాడు.